ఎంఆర్‌ఐలో డిస్క్ బల్జ్ ఉంది, కాలికి నొప్పి లేదు: కేస్ షీట్‌లో ఏమని రాయాలి?

మీరు అడిగినదాన్ని కుదించి చెబితే సంగతి ఇది. 34 ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగి మూడు వారాలుగా నడుము నొప్పితో వచ్చాడు. కాలికి ఏమీ లేదు. ఎంఆర్‌ఐలో నడుము కింది భాగంలోని ఎల్4-ఎల్5, ఎల్5-ఎస్1 పూసల మధ్య డిఫ్యూజ్ డిస్క్ బల్జ్ (డిస్క్ చుట్టూ కొంచెం ఉబ్బడం) ఉందని, అది థీకల్ శాక్‌ను (నరాల చుట్టూ ఉండే సంచిని) నొక్కుతోందని రాశారు. మీరు చేసిన ఎస్‌ఎల్‌ఆర్ (వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలు పైకెత్తే టెస్టు) 60 డిగ్రీల దగ్గర పాజిటివ్ వచ్చింది. ఆర్థో సార్ ఐఎఫ్‌టీ (కరెంటు పెట్టే చికిత్స), ట్రాక్షన్ (నడుమును సాగదీసే చికిత్స) రాసి పంపారు. ఫిజియోథెరపీ ఇంటర్న్‌గా కేస్ షీట్‌లో 'డిస్క్ ప్రొలాప్స్ విత్ సయాటికా' (డిస్క్ జారి, నరం నొక్కుకుని కాలికి నొప్పి దిగడం) అని రాయొచ్చా, ఇంకా ఏయే టెస్టులు చేయాలి అన్నది మీ ప్రశ్న.

రాయకూడదు. కాలి నొప్పే లేనప్పుడు సయాటికా ఎక్కడిది?

ముందు ఆ ఎస్‌ఎల్‌ఆర్ సంగతి తేల్చేద్దాం. కాలు ఎత్తినప్పుడు ఎక్కడ లాగిందని అడిగారా? తొడ వెనక బిగుతుగా లాగితే అది హ్యామ్‌స్ట్రింగ్, అంటే అక్కడి కండరం. రోజంతా కుర్చీలో కూర్చునేవాళ్లలో అది మామూలే. నడుములో మాత్రమే నొప్పి వచ్చినా పాజిటివ్ అనడానికి లేదు. పేషెంట్‌కి ఇదివరకే తెలిసిన కాలి నొప్పి, అదే దారిన, సాధారణంగా మోకాలు దాటి పిక్కలోకో పాదంలోకో దిగితేనే ఆ టెస్టుకి అర్థం. అనుమానంగా ఉంటే నొప్పి వచ్చిన చోటి నుంచి కాలు కొంచెం దించి, పాదాన్ని పైకి వంచి చూడండి. ఆ తర్వాత కాలు కదపకుండా మెడ ఎత్తమనండి. మెడ ఎత్తితే హ్యామ్‌స్ట్రింగ్ పొడవు మారదు. అయినా నొప్పి మారిందంటే నరం వైపు ఆలోచించాలి.

వైద్య అధ్యయనాలను కలిపి చూసే కాక్రేన్ సంస్థ 2010 సమీక్షలో, ఆపరేషన్ దాకా వెళ్లిన పేషెంట్లలో, డిస్క్ హెర్నియేషన్‌ను పట్టుకోవడంలో ఎస్‌ఎల్‌ఆర్ సెన్సిటివిటీ (ఉన్నవాళ్లను పట్టుకోవడం) 92 శాతం, స్పెసిఫిసిటీ (లేనివాళ్లకు లేదని చెప్పడం) 28 శాతం అని తేలింది. నొప్పి లేని కాలు ఎత్తితే నొప్పి ఉన్న కాలు లాగే క్రాస్‌డ్ ఎస్‌ఎల్‌ఆర్‌కి లెక్క తిరగబడుతుంది: సెన్సిటివిటీ 28, స్పెసిఫిసిటీ 90. అంటే కాలి నొప్పితో వచ్చినవాడికి మామూలు ఎస్‌ఎల్‌ఆర్ నెగటివ్ వస్తే ధైర్యం, క్రాస్‌డ్ పాజిటివ్ వస్తే గట్టి ఆధారం. ఉత్త ఎస్‌ఎల్‌ఆర్ పాజిటివ్‌కి పెద్ద విలువ లేదు. కాలి నొప్పే లేని మీ పేషెంట్‌లో అయితే ఆ టెస్టు మీకు చెప్పింది దాదాపు సున్నా.

అసలు ఇబ్బంది టెస్టుల ఎంపికలో లేదు, వరసలో ఉంది. మనవాళ్లు రిపోర్టు ముందు చదువుతారు, అందులో ఉన్నదాన్ని నిరూపించే టెస్టులు తర్వాత చేస్తారు. నేను రిపోర్టు కవరు పక్కన పెట్టించి, చివర్లో విప్పుతాను. స్కాట్లాండ్ ఆర్థోపెడిక్ సర్జన్ గోర్డన్ వాడెల్ 1980లలో గట్టిగా చెప్పిన పద్ధతి ఇప్పటికీ చాలా గైడ్‌లైన్లకు పునాది: ప్రమాదకరమైన జబ్బు ఏదైనా ఉందా, నరం దెబ్బతిన్నదా, రెండూ కాకపోతే మామూలు మెకానికల్ నొప్పి. మూడో గుంపులోకి వచ్చాక ఏ కండరం, ఏ జాయింట్, ఏ డిస్క్ అని వేలు పెట్టి చూపడం మన చేతులతో కుదరదు. కుదరదని ఒప్పుకుని, నొప్పి ఎలా ప్రవర్తిస్తోందో రాసుకుంటే చికిత్సకు దారి అక్కడే దొరుకుతుంది.

మొదటి ప్రశ్న దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే పుస్తకాల్లోని రెడ్ ఫ్లాగ్స్ (పెద్ద జబ్బును సూచించే లక్షణాలు) జాబితాని అప్పజెప్పేస్తే పని అయిపోదు. సిడ్నీ ప్రాంతంలో కొత్తగా నడుము నొప్పి వచ్చిన 1,172 మందిని ఏడాది పాటు గమనించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో నిజంగా పెద్ద జబ్బు తేలింది 11 మందికే. వాళ్లలో 8 మందివి ఎముక విరుగుళ్లు. కానీ ఏదో ఒక రెడ్ ఫ్లాగ్ ఉన్నవాళ్లు 80 శాతం! ఒక్క ఫ్లాగ్ కనబడగానే బెంబేలెత్తితే అందరినీ స్కాన్‌కి పంపాలి. రెండు మూడు కలిసి వచ్చాయా, నొప్పి పోను పోను పెరుగుతోందా, పడుకున్నా లేచినా ఒకేలా ఉందా అని చూడాలి.

పైగా ఆ జాబితాలు మన ఊళ్లను చూసి రాసినవి కావు. మన దగ్గర వెన్నెముక టీబీని మనసులో పెట్టుకోకుండా నడుము నొప్పి చూడకూడదు. ప్రపంచంలోని టీబీ కేసుల్లో నాలుగో వంతు దాకా మన దేశంలోనే. దగ్గు ఉండాలని లేదు. సాయంత్రం పూట ఒళ్లు వెచ్చబడటం, రాత్రి చెమటలు, ఆకలి మందగించడం, బట్టలు వదులవడం, రోజురోజుకీ పెరిగే నొప్పి. షుగర్ ఉందా, ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చిందా అడగండి. వెన్ను మీద పైనుంచి కిందికి పిడికిలితో మెల్లగా తట్టండి, ముఖ్యంగా నడుము పైభాగం, వీపు కలిసే చోట. ఒకే ఎముక మీద ఉలిక్కిపడితే, అక్కడ చిన్న గూను లాంటిది తగిలితే, మీ చెయ్యి అక్కడితో ఆగాలి. కీలును చేత్తో గట్టిగా కుదిపే మానిప్యులేషన్ అసలే వద్దు. మొదటి వారాల్లో ఎక్స్‌రే బాగానే కనబడొచ్చు కాబట్టి 'ఎక్స్‌రే నార్మల్ అండీ' అన్న మాటతో తృప్తిపడొద్దు. ఎంఆర్‌ఐ అసలు పనికొచ్చేది ఇలాంటి చోట.

ఇక ఎముకలు గుల్లబారడం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు ఎక్కువ. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో ఈ విషయంలో మన రెండు రాష్ట్రాలూ ముందు వరసలో ఉన్నాయి. అండాశయాలు కూడా తీసేసి ఉంటే యాభై ఏళ్లకే ఎముక బలం తగ్గి ఉంటుంది. ఇలాంటామెకి బస్సు గతుకులో ఎగిరిపడ్డా, నీళ్ల బిందె ఎత్తినా వెన్నుపూస నొక్కుకుపోవచ్చు. 'పెద్ద దెబ్బేం తగల్లేదు' అన్న మాట ఆమె విషయంలో భరోసా కాదు. మోకాళ్ల నొప్పులకనో ఆయాసానికనో పేరు తెలియని మాత్రలు, పొట్లాల మందులు చాలాకాలం వాడారా అని కూడా కనుక్కోండి. వాటిలో స్టెరాయిడ్ ఉంటే వెన్నుపూసకే కాదు, తుంటి బంతికీ ముప్పే. తుంటి పాడైనవాళ్లు చాలామంది 'నడుము' అనే వస్తారు. అందుకే వెల్లకిలా పడుకోబెట్టి రెండు తుంటి కీళ్లనూ లోపలికి తిప్పి పోల్చడం నేను ఎవరికీ వదలను. ఒకవైపు తిరగకుండా గజ్జలో నొప్పి వస్తే నడుము మీద పడి లాభం లేదు.

నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో పాత బోరు నీళ్లు తాగి పెరిగిన తరం వస్తే ఫ్లోరోసిస్ గుర్తుకు రావాలి. దేశంలో ఈ జబ్బు గురించి మొదటి నివేదిక 1937లో వచ్చింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచే. వెన్ను మొత్తం కర్రలా బిగుసుకుపోతుంది, మెడ తిప్పలేరు, చూడ్డానికి యాంకిలోసింగ్ స్పాండిలైటిస్ (వెన్ను కీళ్లకు వాపు వచ్చి బిగుసుకుపోయే జబ్బు) లాగే ఉంటుంది. పళ్ల మీద గోధుమరంగు మచ్చలు చూడండి. ముంజేతి ఎక్స్‌రేలో రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి కనబడితే అనుమానం దాదాపు తీరిపోతుంది.

స్పాండిలైటిస్ మాట వచ్చింది కాబట్టి: మీ పేషెంట్ వయసులో, మూడు నెలలు దాటిన నొప్పి అయితే ఇది తప్పక అడగాలి. తెల్లవారుజామున నొప్పి లేపేస్తోందా, లేచాక అరగంటకు పైగా పట్టేసినట్టు ఉంటోందా, పడుకుంటే పెరిగి తిరిగితే తగ్గుతోందా, ఒకసారి కుడి పిర్ర, ఇంకోసారి ఎడమ పిర్ర నొస్తోందా. అవును అంటే రుమటాలజిస్ట్ దగ్గరికి పంపండి. ఏళ్ల తరబడి 'డిస్క్' అని వ్యాక్స్ బాత్ (వేడి మైనం కాపడం) పెట్టించుకున్నవాళ్లు ఈ బాపతులో ఉంటారు.

కాడా ఈక్వైనా (వెన్ను అడుగున ఉన్న నరాల గుత్తి నొక్కుకుపోవడం) గురించి అందరికీ తెలుసు, అడిగేటప్పుడు మాత్రం అందరూ మొహమాటపడతారు. 'బ్లాడర్, బవెల్ నార్మలా?' అని ఇంగ్లీషులో అడిగితే 'నార్మలే' అంటారు, అయిపోతుంది. ఇలా అడగండి: మూత్రం వస్తున్నట్టు ముందుగా తెలుస్తోందా? పోసేటప్పుడు ధార మొదలవడానికి ఆలస్యం అవుతోందా? కడుక్కునేటప్పుడు నీళ్లు, చెయ్యి తగిలినట్టు ఎప్పటిలాగే తెలుస్తోందా? మొగుడూ పెళ్లాల కలయికలో స్పర్శ తేడా వచ్చిందా? రెండు కాళ్లకూ నొప్పో తిమ్మిరో ఉంటే మరీ జాగ్రత్త. వీటిలో కొత్త తేడా ఏదైనా చెబితే ఆ రోజే, ఆ గంటే న్యూరో లేదా స్పైన్ సర్జన్ ఉన్న ఆసుపత్రికి పంపాలి. రేపు ఓపీకి రమ్మనే వ్యవహారం కాదిది.

చొక్కా ఎత్తించి చూడటం మాత్రం మరవొద్దు. నడుముకి ఒకవైపే మంట అని వచ్చినవాళ్లకి రెండు రోజుల్లో సర్పి పొక్కులు తేలతాయి. పక్కటెముకల కింద మొదలై గజ్జల్లోకి దిగుతూ, ఏ భంగిమలోనూ కుదురుగా ఉండనివ్వని నొప్పి కిడ్నీ రాయిది. మీరు నడుము ఎటు వంచినా అది మారదు.

ఇక నరం సంగతి. కాలి నొప్పి లేకపోయినా తొలిరోజు న్యూరో పరీక్ష చేసి రాసి పెట్టుకోండి. రేపు పాదం బలహీనపడితే, అది కొత్తగా వచ్చిందో ముందే ఉందో చెప్పడానికి మీ కాగితమే సాక్ష్యం. కండరాల బలాన్ని చేత్తో నొక్కి చూడటం మీద నాకు పెద్ద నమ్మకం లేదు. పిక్క కండరం మన చేతికి లొంగదు. ఒంటికాలి మీద నిలబడి మడమ పదేసి సార్లు ఎత్తమనండి, రెండు వైపులా. నాలుగోసారికే ఒకవైపు కుంగితే ఎస్1 నరాన్ని అనుమానించాలి. మడమల మీద నడిపించండి. బొటనవేలు పైకి లేపే బలం ఎల్5, మోకాలి రిఫ్లెక్స్ ఎల్4, చీలమండ రిఫ్లెక్స్ ఎస్1. షుగర్ ఉన్నవాళ్లలో, పెద్దవాళ్లలో రెండు చీలమండల రిఫ్లెక్సులూ లేకపోవడం తరచూ కనిపిస్తుంది. ఒకవైపే పోతే దానికి విలువ.

పాదం జారిపోతోందని వచ్చిన ప్రతివాడిదీ ఎల్5 కాదు. గంటల తరబడి గొంతుక్కూర్చుని కలుపు తీసేవాళ్లకు, కాలు మీద కాలు వేసుకుని కూర్చునేవాళ్లకు మోకాలి పక్కన పెరోనియల్ నరం నలిగి అదే పని అవుతుంది. పాదాన్ని లోపలికి తిప్పే బలం, తుంటిని పక్కకి ఎత్తే బలం చూడండి. అవీ తగ్గితే నడుములో ఎల్5 వేరు, అవి బాగుంటే మోకాలి దగ్గర. రిఫ్లెక్సులు తగ్గడం కాకుండా ఎగిరిపడుతుంటే, అరికాలు గీస్తే బొటనవేలు పైకి లేస్తే, ఎల్4-ఎల్5 డిస్క్‌ని తిట్టకండి. వెన్నుపాము ఎల్1-ఎల్2 దగ్గరే అయిపోతుంది. అంటే గొడవ అంతకంటే పైన, వీపులోనో మెడలోనో ఉంది.

అరవై దాటినవాళ్లలో 'నడిస్తే పిక్కలు గుంజుతాయి, ఎక్కడో ఒకచోట కూర్చుంటే పోతుంది' అంటే కెనాల్ స్టెనోసిస్, వెన్నులో నరాల దారి ఇరుకవడం. సైకిల్ తొక్కగలరు, నడవలేరు. ముందుకు వంగితే హాయి. కూర్చోకుండా ఊరికే నిలబడ్డా తగ్గిపోతోందంటే పాదం మీద నాడి పట్టి చూడండి. రక్తనాళం మూసుకుపోవడం కూడా ఇలాగే మొదలవుతుంది.

పెద్ద జబ్బు, నరం అనే ఈ రెండు గడపలూ దాటాకే మీ పేషెంట్ అసలు కథ. ఇక్కడ ఒకసారి వంచి, డిగ్రీలు రాసుకుని వదిలేస్తే ఏమీ తెలియదు. అదే కదలికను పది పదిహేను సార్లు చేయించండి. ముందు నొప్పి ఎక్కడ ఉంది, ఎంత ఉంది, చేస్తుండగా ఏమైంది, ఆపాక ఎలా మిగిలింది. న్యూజిలాండ్ ఫిజియో రాబిన్ మెకెంజీకి ఇది తట్టింది అనుకోకుండానే. 1956లో వెల్లింగ్టన్‌లోని ఆయన క్లినిక్‌లో ఒక పేషెంట్, తల వైపు ఎత్తి ఉంచిన బల్ల మీద బోర్లా పడుకుని నడుము వెనక్కి వంగిపోయి ఉండగా, వారాలుగా పోని కాలి నొప్పి పోయిందన్నాడు. కాలిలోని నొప్పి వెనక్కి నడుము వైపు ముడుచుకుంటే మంచి సూచన, నడుములోది కిందికి పాకితే ఆ కదలిక ఆపాలి. మీవాడికి కాలి నొప్పి లేదు కాబట్టి పాకడం కాకుండా, ఎటు వంగితే తేలికపడుతోందో, ఆ తేలిక లేచి నడిచాక కూడా నిలుస్తోందో చూడండి. దాంతోపాటు ఏ పని దగ్గర నొప్పి వస్తోందో ఆ పనే మీ ముందు చేయించండి: ల్యాప్‌టాప్ ముందు కూర్చోవడం, బూట్ల లేసులు కట్టుకోవడం, బండి సెంటర్ స్టాండ్ వేయడం. వచ్చే వారం కొలిచి చూసేది వాటినే.

ఎస్‌ఐ జాయింట్ (వెన్ను అడుగు ఎముక, కటి ఎముక కలిసే కీలు) టెస్టులు మీరు అడగలేదు గానీ, మీ సీనియర్లు చేయిస్తారు కాబట్టి రెండు మాటలు. పెల్విస్ కదిలిందా అని వేళ్లు పెట్టి చూసే టెస్టుల్లో ఇద్దరు ఫిజియోలు ఒకే మాట చెప్పడం అరుదు. నొప్పిని రేపే టెస్టులు నయం: డిస్ట్రాక్షన్, థై థ్రస్ట్, కంప్రెషన్, సేక్రల్ థ్రస్ట్, గేన్స్‌లెన్. వీటిలో కనీసం మూడు పేషెంట్‌కి తెలిసిన నొప్పినే తెప్పిస్తే, అప్పటికే కదలిక పరీక్షలో నొప్పి నడుముకి ముడుచుకోవడం లాంటిది కనబడకపోతే, అప్పుడు ఎస్‌ఐ అనుకోవచ్చు. 'మీ పెల్విస్ తిరిగిపోయింది', 'ఎల్4 బిగుసుకుంది' అనే మాటలు మాత్రం పేషెంట్ ముందు అనొద్దు. వాటికి ఆధారం పలచన, భయం మాత్రం ఏళ్లు ఉంటుంది.

భయం కూడా పరీక్షించాల్సిన విషయమే. ఇంగ్లండ్‌లోని కీల్ విశ్వవిద్యాలయం తయారుచేసిన స్టార్ట్ బ్యాక్ ప్రశ్నావళిలో తొమ్మిది ప్రశ్నలే ఉంటాయి. మూడు లేదా అంతకు తక్కువ వస్తే నొప్పి మొండికేసే రిస్క్ తక్కువ: ధైర్యం చెప్పి, రెండు వ్యాయామాలు నేర్పి పంపినా చాలామందికి సరిపోతుంది. పేపరు లేకపోతే నోటితో అడగండి: మీ నడుముకి ఏమైందని మీరు అనుకుంటున్నారు? ఇప్పటిదాకా ఎవరెవరు ఏం చెప్పారు? ఏ పనులు మానేశారు? నేల మీద కూర్చోవడం, బండెక్కడం, పిల్లని ఎత్తుకోవడం మానేసినవాడికీ, నొప్పి ఉన్నా అన్నీ చేసుకుంటున్నవాడికీ ఎంఆర్‌ఐ ఒకటే కావచ్చు, చికిత్స ఒకటి కాదు.

ఇప్పుడు ఆ కవరు విప్పండి. ఏ నొప్పీ లేని 3,110 మంది స్కాన్లను కలిపి చూసిన 2015 నాటి సమీక్షలో, ముప్పైల వయసువాళ్లలో 40 శాతం మందికి డిస్క్ బల్జ్, 52 శాతం మందికి డిస్క్ అరుగుదల కనబడ్డాయి. నెత్తి మీద నెరిసిన వెంట్రుక కనబడినంత మామూలు. మీ పేషెంట్ రిపోర్టులో ఉన్నది అబద్ధం కాదు, కానీ అదే అతని నొప్పికి కారణమని చెప్పే సాక్ష్యం మీ పరీక్షలో ఏదీ లేదు. థీకల్ శాక్ మీద ఒత్తిడి అన్న ముక్కకి పేషెంట్లు ఎక్కువ హడలిపోతారు. నరాల పరీక్ష అంతా బాగుందని, కాలిలో బలం చూపించి మరీ చెప్పండి.

కేస్ షీట్‌లో నేనైతే ఇలా రాస్తాను: 'మూడు వారాల మెకానికల్ నడుము నొప్పి, కాలికి పాకలేదు. రెడ్ ఫ్లాగ్స్ అడిగాను, లేవు. న్యూరో పరీక్ష రెండువైపులా నార్మల్. తుంటి కీళ్లు నార్మల్. ఎంతసేపు కూర్చుంటే పెరుగుతోంది, ఎటు వంగితే తగ్గుతోంది. ఓస్వెస్ట్రీ (నడుము నొప్పి వల్ల పనులు ఎంత ఆగాయో కొలిచే ప్రశ్నావళి) స్కోరు ఇంత, స్టార్ట్ బ్యాక్ ఇంత. ఎంఆర్‌ఐ: రెండు చోట్ల బల్జ్, పరీక్షతో సంబంధం కనబడలేదు.' వాక్యాలు పెరిగాయని మీ హెచ్ఓడీ విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ట్రాక్షన్ విషయం. డబ్ల్యూహెచ్‌ఓ 2023 డిసెంబరులో ఇచ్చిన గైడ్‌లైన్ దీర్ఘకాలపు నడుము నొప్పికి ట్రాక్షన్, అల్ట్రాసౌండ్ చికిత్స, టెన్స్ (చర్మం మీంచి కరెంటు పెట్టడం), నడుము బెల్టులు మామూలుగా వాడొద్దంది. మీ కేసు మూడు వారాలదే కాబట్టి అది సూటిగా వర్తించదు గానీ, కాలి నొప్పే లేనివాడికి ట్రాక్షన్ పెట్టడానికి నాకు కారణం కనబడటం లేదు. ఇంటర్న్‌గా ఉండి రాసినదాన్ని కొట్టేయకండి. మీ పరీక్షలో తేలింది రెండు లైన్లు రాసి, మీ సీనియర్ ద్వారా ఆర్థో సార్‌కి ఫోన్ చేయించి, 'సార్, న్యూరో అంతా నార్మల్, ఎక్సర్‌సైజుతో మొదలుపెట్టమంటారా' అని అడగండి. ఎక్కువమంది సరే అనేస్తారు.

వచ్చే విజిట్‌లో మళ్లీ చూడాల్సినవి: మడమ ఎత్తడం, బొటనవేలు బలం, మీ ముందు నొప్పి వచ్చిన ఆ ఒకటి రెండు పనులు. ఆరు వారాలకి కూడా ఓస్వెస్ట్రీ కదలకపోతే, లేదా మధ్యలో నొప్పి మోకాలు దాటి దిగితే, ఈ వరసంతా మొదటి ప్రశ్న నుంచి మళ్లీ చేయండి. అప్పుడు ఎస్‌ఎల్‌ఆర్‌కి పని ఉంటుంది.